నాసిక్ ద్రాక్ష తోటలు చూడటానికి అప్పు చేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని, జీతం 18,000. మా వారు ఒక సిమెంటు డీలర్ దగ్గర అకౌంటెంట్, 42,000 వస్తాయి. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటారు. అద్దె, ఫీజులు, ఇంటి ఖర్చులు, నెలకు 5,000 చిట్టీ పోను 7,000 దాకా మిగులుతాయి. బ్యాంకులో 40,000 ఉన్నాయి. చిట్టీ లక్ష రూపాయలది, ఇరవై నెలలు. ఇంకా ఎనిమిది నెలలుంది. మా వారి దోస్తుల కుటుంబాలు రెండు ఫిబ్రవరిలో నాసిక్ ద్రాక్ష తోటలు చూడటానికి వెళ్తున్నాయి. మూడు రోజులు తోటలోనే రిసార్టు. మా నలుగురికి 80,000 అవుతుందట. పర్సనల్ లోన్ తీసుకుని ఏడాదిలో కట్టేద్దామంటున్నారు మా వారు. నేను వద్దంటే "మనం ఎప్పుడూ ఎక్కడికీ పోం" అని పిల్లల ముందే అన్నారు. ఆ మాట నిజమే. రెండేళ్లుగా పెళ్లిళ్లకు తప్ప ఎక్కడికీ పోలేదు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ చివరి మాట దగ్గరే ఆగాను. రెండేళ్లుగా పెళ్లిళ్లకు తప్ప గడప దాటలేదన్నారు. మీ వారు కోరుకున్నదాంట్లో తప్పేమీ లేదు. పిల్లలు ఇంకో నాలుగైదేళ్లలో చదువుల పేరుతో దూరం వెళ్లిపోతారు. వాళ్లతో నాలుగు ఊళ్లు తిరగాలనుకోవడం దుబారా కాదు. తిరగడానికంటూ విడిగా పైసలు పెట్టుకోకపోవడం వల్లే ఇల్లు ఇక్కడిదాకా వచ్చింది. ఏళ్ల తరబడి అన్నీ కట్టిపెట్టుకుని, ఒకరోజు ఎవరో రమ్మనగానే పెద్ద మొత్తం అప్పు తెచ్చే ఇళ్లను నేను చాలా చూశాను. ఆ అప్పు తీరేదాకా మళ్లీ అన్నీ బంద్. తీరాక మళ్లీ అదే కథ.

లోన్ లెక్క త్వరగా చూసేద్దాం. 80,000 మీద 16 శాతం వడ్డీ, పన్నెండు నెలలు అనుకుంటే ఈఎంఐ 7,258 పడుతుంది. ఏడాది తిరిగేసరికి 87,100 దాకా కడతారు. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం, దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపి మరో 1,888. అంటే మూడు రోజుల టూరుకు 9,000 దాకా అదనం. అయినా నన్ను భయపెట్టేది ఆ 9,000 కాదు. మీకు నెలాఖరుకు మిగిలేదే 7,000, ఈఎంఐ దానికంటే ఎక్కువ. అత్తమ్మ గారికి జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంటే ఆ నెల ఈఎంఐ ఎక్కడి నుంచి వస్తుంది? చిట్టీ పాడతారు. అప్పటిదాకా కష్టపడి దాచినదాన్ని తగ్గించుకుని ఎత్తుకుంటారు. అప్పు చేసి పప్పు కూడు అని ఊరికే అనలేదు పెద్దలు. క్రెడిట్ కార్డు మీద గీకి నెలనెలా కొంచెం కొంచెం కడదామని మాత్రం అసలు అనుకోవద్దు. చాలా కార్డుల మీద నెలకు మూడు శాతం పైనే వడ్డీ పడుతుంది.

అందుకని ఈ ఫిబ్రవరికి వద్దు. వచ్చే ఫిబ్రవరికి తప్పకుండా వెళ్లండి. ఎలాగో చెప్తాను.

నాసిక్‌లో ద్రాక్షకు అక్టోబరు ప్రాంతంలో కొమ్మలు కత్తిరిస్తారు, జనవరి నుంచి మార్చి దాకా కోతలు సాగుతాయి. కాబట్టి ఫిబ్రవరి మంచి సమయమే, ఆ విషయంలో మీ వారి దోస్తుల ఎంపిక సరైనదే. కానీ ఆ అందం చూడటానికి రాత్రిపూట తోటలోనే పడుకోవాల్సిన పని లేదు. 80,000లో పెద్ద ముక్క ఆ రిసార్టుకే పోతుంది. తోటకు పొద్దున్నే వెళ్లి, గుత్తులు వేలాడే వరుసల మధ్య తిరిగి, పిల్లలతో ద్రాక్ష తిని, గంగాపూర్ డ్యామ్ నీళ్ల మీద పొద్దు వాలే వేళకు వెనక్కి వస్తే చాలు. ఊళ్లో మామూలు లాడ్జిలో ఉండండి.

ఇంకో మాట. నలుగురికి లెక్క వేశారు గానీ అందులో అత్తమ్మ గారు లేరు. నాసిక్‌కు ముప్పై కిలోమీటర్ల లోపే త్ర్యంబకేశ్వరం ఉంది, జ్యోతిర్లింగం. మన కాళేశ్వరం దగ్గర ప్రాణహితతో కలిసే గోదావరి పుట్టింది అక్కడి బ్రహ్మగిరి మీదే. అత్తమ్మ గారిని వదిలేసి ఆ ఊరిదాకా వెళ్లి వస్తే మీకే మనసు ఒప్పదు. ఐదుగురికి లెక్క వేద్దాం. సికింద్రాబాద్‌లో మారి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాసిక్ రోడ్‌లో దిగొచ్చు. థర్డ్ ఏసీలో రానూపోనూ 12,000 పెట్టుకోండి. రెండు గదులు, మూడు రాత్రులకు 12,000. అక్కడ బండికి 9,000. తిండికి 8,000. తోట టికెట్లు, తినుబండారాలకు 5,000. చేతిలో 4,000. మొత్తం 50,000.

ఈ నెలలోనే బ్యాంకులో నెలకు 4,000 చొప్పున ఏడాది రికరింగ్ డిపాజిట్, అదే ఆర్డీ, తెరవండి. జీతం పడిన మర్నాడే కట్ అయ్యేలా తేదీ పెట్టించండి. మీరు కట్టేది 48,000. ఆరు శాతం చొప్పున చూసుకున్నా వడ్డీ 1,500 దాటుతుంది. దాదాపు 50,000 చేతికొస్తుంది. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. వచ్చే డిసెంబరులో ఆర్డీ చేతికి రాగానే ఫిబ్రవరి టికెట్లు తీసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, ఏ కారణంతోనైనా ప్రయాణం వాయిదా పడితే 2027 వానాకాలానికి మాత్రం పెట్టుకోకండి. అప్పుడు అక్కడ సింహస్థ కుంభమేళా, ఇక్కడ గోదావరి పుష్కరాలు. గదులు దొరకవు, దొరికినా ధర మీరు ఊహించినట్టు ఉండదు.

మరి ఈ ఏడాదంతా పిల్లలు ఏం చేయాలి? ఉత్తరంలో మీరు అడగలేదు గానీ నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని గురించే. మిగిలే 7,000లో 1,500 తీసి ఒక కవర్లో పెట్టండి. దాని మీద "తిరుగుడు" అని పాపతో రాయించండి. ఆ నెల ఆ పైసలు తిరగడానికే. ఫీజులకూ కిరాణాకూ ముట్టుకోవద్దు, మిగిలితే వచ్చే నెలకు కలుస్తాయి.

వరంగల్‌లో ఉండి 1,500తో ఎక్కడికి పోతామని అనుకోకండి. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు పైసలు లేవు. మీ ఇంట్లో మీరు, పాప, అత్తమ్మ గారు ముగ్గురికీ ఉచితం. ఆధార్ కార్డులు సంచిలో పెట్టుకుంటే చాలు. టికెట్టు పెట్టాల్సింది మీ వారికి, అర టికెట్టు బాబుకు. ములుగు దాకా వెళ్లి అక్కడి నుంచి పాలంపేట చేరితే రామప్ప గుడి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక అని బాబుకు చెప్పండి, ఇంటికి వచ్చేదాకా అదే మాట్లాడతాడు. గుడి చూశాక చెరువు కట్ట మీద చెట్టు నీడ చూసుకుని కూర్చోండి. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం గిన్నెలు తెచ్చుకుంటే ఆ రోజు ఖర్చు మొత్తం ఐదారు వందలు దాటదు.

ఇప్పుడు గేగుల కాలం, అదే తాటి తేగలు. దారి పక్కన కుప్ప పోసి అమ్ముతుంటే ఒక కట్ట కొనండి, ఇంట్లో ఉడకబెట్టి ఉప్పు చల్లితే రెండు రోజుల సాయంత్రాలు గడిచిపోతాయి. సంక్రాంతికి సకినాలు ఎలాగూ చేస్తారు. ఈసారి కొంచెం ఎక్కువ చేసి డబ్బాలో పెట్టుకుని పాకాల వెళ్లండి. నర్సంపేట దాటాక అడవి మధ్యలో ఉంటుంది ఆ చెరువు, అదీ కాకతీయుల కాలానిదే. నీళ్ల ముందు కూర్చుని చేతి సకినాలు నమలడం పిల్లలకు గుర్తుండిపోతుంది.

ఏప్రిల్ వచ్చిందంటే ముంజలు. వీటి గురించి కొంచెం ఎక్కువే చెప్తాను. నాసిక్‌కు ద్రాక్ష తోటలెలాగో మనకు తాటి వనాలు అలాగ. పొద్దున్నే గౌడన్న చెట్టు దిగేసరికి రోడ్డు మీద గెలలు పరిచి ఉంటాయి. కత్తితో ఒక్క వేటుకు కాయ తల తెగుతుంది, లోపల మూడు కళ్లు కనిపిస్తాయి. బాబును బొటనవేలితో పొడిచి జుర్రుకోమనండి. చొక్కా ఖరాబైతే కానీయండి. లేత కాయ చూసి తీసుకోండి, ముదిరితే కడుపు నొప్పి. అదే చోట తెల్లవారకముందే నీరా దొరికితే అత్తమ్మ గారికి ఒక గ్లాసు పట్టించండి. పొద్దెక్కితే పులిసి కల్లయిపోతుంది, అందుకే దాన్ని చెట్టు కిందే తాగాలి. వంద, రెండు వందల్లో ఐదుగురి కడుపూ నిండుతుంది.

వానాకాలంలో కాల్చిన మొక్కజొన్న కంకి చేత్తో పట్టుకుని భద్రకాళి చెరువు కట్ట మీద నడిస్తే ఆ ఆదివారానికి అది చాలు. బోగత జలపాతం మాత్రం వాజేడు దాకా, 130 కిలోమీటర్ల పైనే, బండి మాట్లాడుకోవాలి. మీ వారి దోస్తులను అప్పుడు కలుపుకోండి. ఖర్చు పంచుకుంటే కవర్లో నాలుగు నెలలది కలిపితే సరిపోతుంది. వరద ఉధృతంగా ఉంటే అటవీశాఖ వాళ్లు ఆపేస్తారు, బయలుదేరే ముందు కనుక్కోండి. బతుకమ్మకు మలీద ముద్దలు, ఆ వెంటనే సీతాఫలాలు. పల్లె ఆడవాళ్లు గంపల్లో తెచ్చే అడవి సీతాఫలం చిన్నగా ఉన్నా తీపి ఎక్కువ. బేరం ఆడకుండా కొనండి. వాళ్లు ఎండలో ఏరుకొచ్చినవి. లక్నవరం వెళ్తే వేలాడే వంతెన దాటించండి, బోటు ఒక్కసారే అని ఇంట్లోనే మాట తీసుకోండి. కవరు అక్కడ బోట్ల దగ్గరా చిప్స్ ప్యాకెట్ల దగ్గరా ఖాళీ అవుతుంది. ఇది నాకు మా పిల్లలతో అనుభవం.

ఆర్డీకి 4,000, కవరుకు 1,500 పోతే ఇంకో 1,500 మిగులుతుంది. మీకు ఆరోగ్య బీమా ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఆ 1,500 ముందు దానికి, ఏడాదికి 18,000 అవుతుంది. మీ నలుగురి ఫ్యామిలీ పాలసీకి చాలావరకు సరిపోతుంది. అత్తమ్మ గారికి వయసును బట్టి విడిగా చూడాలి. బీమా తీసుకోవడం నాసిక్ ఆర్డీ కంటే ముందు జరగాలి. అవసరమైతే ఆర్డీ ఒక నెల ఆలస్యంగా మొదలుపెట్టండి, టూరు మార్చిలో వెళ్లినా కోతలు ఉంటాయి.

చిట్టీ పాడకండి. ఎనిమిది నెలలు ఓపిక పట్టి చివర్లో ఎత్తుకోండి. కమిషన్ పోను వచ్చినదంతా బ్యాంకులో ఎఫ్‌డీ చేయండి, ఇప్పుడున్న 40,000తో కలిపి ఇంటికి ఆపద సొమ్ముగా ఉంటుంది. చిట్టీ రిజిస్టర్ అయినదేనా అని ఈ వారమే కాగితం అడిగి చూడండి. అయి ఉంటే నంబరు చూపిస్తారు. చూపించకుండా దాటేస్తే కొత్త చిట్టీ అక్కడ వేయొద్దు. ఎనిమిది నెలల తర్వాత ఖాళీ అయ్యే ఆ 5,000 ఎక్కడ పెట్టాలో అప్పుడు మళ్లీ రాయండి, పాప ఇంటర్ ఫీజును దృష్టిలో పెట్టుకుని చూద్దాం.

మీ వారితో మాట్లాడేటప్పుడు లోన్ వద్దు అన్న మాటతో మొదలుపెట్టకండి. ముందు కవరు, దాని మీద పాప రాత చూపించండి. ఈ ఆదివారం పాలంపేటకు పొద్దున ఏడింటి బస్సు పట్టుకుందామనండి. దోస్తులకు ఏం చెప్పాలో తోచకపోతే, ఉన్నమాటే చెప్పమనండి: వచ్చే ఫిబ్రవరిలో అమ్మను కూడా తీసుకుని వస్తున్నాం, మీరు ఈసారి చూసొచ్చి ఏ తోట బాగుందో చెప్పండి అని.