నడుము నొప్పికి డిప్రెషన్ మందు ఎందుకు రాశారంటే

నమస్కారమండీ. మూడేళ్లుగా నడుము నొప్పితో బాధపడుతున్న మీ అమ్మగారికి డాక్టరుగారు డులోక్సెటిన్ రాశారనీ, అది డిప్రెషన్ మందని తెలిసి ఆవిడ ‘నా నొప్పి అబద్ధమనుకుంటున్నారా’ అని కంటతడి పెట్టుకున్నారనీ రాశారు. ఆవిడ నొప్పి నూటికి నూరుపాళ్లు నిజం. ముందు ఆ మాట ఆవిడకు చెప్పండి.

నొప్పిలోని బాధను మనకు తెలియజేసే యాంటీరియర్ సింగ్యులేట్, ఇన్సులా అనే మెదడు భాగాలకు దిగులులోనూ పాత్ర ఉంది కాబట్టి, ఏళ్ల తరబడి సాగే నొప్పి మనసును కుంగదీస్తుంది, కుంగిన మనసు నొప్పిని పెంచుతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి దిగే ఒక నరాల దారి, పైకి వెళ్లే నొప్పి సంకేతాలను అక్కడే అణచివేస్తుంది. ఆ పనికి అవసరమైన నాడీ రసాయనాలైన సెరటోనిన్, నారడ్రినలిన్‌ల ప్రభావాన్నే డులోక్సెటిన్ పెంచుతుంది. అందుకే దిగులు లేనివారికీ అది నొప్పి తగ్గించగలదు. దీర్ఘకాలిక నడుము నొప్పికి వాడేందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2010లోనే అనుమతించింది.

మల్కాజిగిరిలో ఉండే మా అత్తయ్యగారు ఇలాగే నొప్పితో, దిగులుతో ముగ్గు వేయడం మానేసి, పక్కింటావిడ వేస్తుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చునేవారు. రెండింటికీ కలిపి వైద్యం మొదలైన కొన్ని వారాలకు, చుక్కల ముగ్గు కాకపోయినా, గడప ముందు నాలుగు గీతలు గీశారు.

మీరూ కొన్ని వారాలు ఓపిక పట్టాలి. మందును ఒక్కసారిగా ఆపకండి. ట్రమడాల్ అనే నొప్పి మందు కూడా వాడుతుంటే డాక్టరుగారికి తప్పక చెప్పండి. బతకాలని లేదని ఆవిడ ఎప్పుడైనా అంటే, ఆలస్యం చేయకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.