నీ బ్యాడ్జి మీద పేరు కింద

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నర్స్ ప్రాక్టీషనర్ కోర్సులో సీటు వచ్చిందట! ఇక రోగిని పరీక్షించి మందులు కూడా రాసే నర్సువి అవుతావన్నమాట. మీ అమ్మ చెప్పినప్పటి నుంచి కాసేపు గర్వం, కాసేపు గుబులు.

చేరే ముందు, నువ్వు పనిచేయబోయే చోట నర్సింగ్ కౌన్సిల్ ఆ హోదాను నమోదు చేస్తుందో లేదో కనుక్కో. మందులు రాసే అధికారం ఎంతవరకో రాతపూర్వకంగా తీసుకో. బీమా సంగతి చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

నా గుబులంతా పేరు గురించి. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ల మొదటి కోర్సు పెట్టారు. ఇప్పుడు క్లినికల్ నర్స్ స్పెషలిస్ట్, అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్స్ అంటూ పేర్లు పెరిగాయి. ఆస్ట్రేలియాలో నర్స్ ప్రాక్టీషనర్ అన్న పేరు చట్టం అనుమతించినవాళ్లే పెట్టుకోవాలి. అన్ని దేశాల్లోనూ అంత కట్టుదిట్టం లేదు. ఈ పేర్లలో ఏది ఏమిటో మంచం మీద ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది?

నా సంగతి విను. డాక్టర్లు తక్కువైన వార్డులో నర్సుగా రాత్రిళ్లు సగం నిర్ణయాలు నేనే తీసుకునేదాన్ని. ఒక పెద్దాయన నన్ను ‘డాక్టరమ్మా’ అనేవాడు. మొదటిరోజు సరిదిద్దలేదు. రెండోరోజు ఆ పిలుపు బాగుందనిపించింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, చాలా బాగుందనిపించింది. రక్తం పలచబడే మందు వాడుతున్న ఆయన, ఒక రాత్రి విరేచనం నల్లగా అవుతోందన్నాడు. లోపల రక్తం కారుతోందనడానికి అది గుర్తు కావచ్చు. ‘డాక్టరుతో చెబుతాను’ అనాలి. అంటే నేను డాక్టరును కానని తేలిపోతుంది. ‘సరే, చూద్దాం’ అన్నాను. ఇంతలో పక్క మంచం మీద ఎవరికో ఊపిరి ఆడలేదు. అటు పరుగెత్తాను. కేస్‌షీట్‌లో రాయలేదు. పొద్దున రౌండ్లలో డాక్టరు అడిగితే ఆయన ఏమీ చెప్పలేదు. రాత్రే డాక్టరుకు చెప్పాననుకున్నాడు పాపం. మధ్యాహ్నం రక్తం కక్కుకున్నాడు. బతికాడు. నన్ను చూసి ‘మీకు చెప్పాను కదా డాక్టరమ్మా’ అన్నాడు. అందులో నింద లేదు. ఉంటే బాగుండేది.

నిన్ను ఎరుగుదును, రేపు పీహెచ్‌డీ కూడా చేస్తావు. చెయ్యి తల్లీ. కానీ మంచం పక్కన ‘డాక్టర్’ అని చెప్పుకున్నావో, ఊపిరి తిప్పుకోకుండా ‘నేను నర్సును’ అని కూడా చెప్పు. లేకపోతే నా చేతిలో చీవాట్లు తింటావు.

బ్యాడ్జి చేతికి రాగానే ఫొటో పంపు. ‘నర్స్’ అన్న అక్షరాలు కళ్లజోడు లేకుండా నాకు కనిపించాలి. కనిపించకపోతే మళ్లీ చేయించుకో, డబ్బు నేనిస్తాను.

మీ పెద్దమ్మ