వర్షం లెక్క ఎక్కడ పుడుతుందో ముందు చూడండి

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తయింది మేడమ్. వాతావరణ శాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. కానీ ఆ సబ్జెక్టు ఎప్పుడూ చదవలేదు, ప్రోగ్రామింగ్ అంతంత మాత్రమే. ఇంకో ఐదేళ్లు చదువంటే నాన్న టెన్షన్ పడుతున్నారు. అరకు వైపు భారీ వర్షాలు పెరిగాయా లేదా చూడాలని నా ఆలోచన. ఇది పీహెచ్‌డీకి పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ముందు నాన్నగారికి ఒక మాట చెప్పమ్మా. పరిశోధన చేసేవాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 ఇస్తారు. ఇంటి అద్దె భత్యం వేరు. అంటే ఈ ఐదేళ్లూ ఆయన మీద భారం పడదు. ఈ ఫెలోషిప్ కోసం రాసే అర్హత పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో భూమి, వాతావరణం, సముద్రాలకు విడిగా ఒక పేపరు ఉంది. ఫిజిక్స్ పేపరు రాసినవాళ్లనూ చాలా సంస్థలు తీసుకుంటాయి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం, తిరుపతి దగ్గర మన గాదంకిలోని వాతావరణ పరిశోధనశాల ఎన్ఏఆర్ఎల్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ ప్రకటనలు చూస్తూ ఉండు.

వాతావరణ శాస్త్రం చదవలేదని బెంగ వద్దు. థర్మోడైనమిక్స్, ద్రవాల గమనం బాగా వస్తే మిగతాది కోర్సువర్క్‌లో పట్టుకోవచ్చు. పైథాన్ కూడా అంతే, రోజూ కూర్చుంటే వచ్చేస్తుంది. నాకు ఆందోళన కలిగించేది వేరే ఉంది. డేటా డౌన్‌లోడ్ చేసి గ్రాఫ్ గీసేయడం ఇప్పుడు చాలా తేలిక. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో అడగకుండానే థీసిస్ రాసేస్తున్నారు.

నీ అరకు ప్రశ్ననే చూద్దాం. ప్రశ్న మంచిది. వాతావరణ శాఖ 1901 నుంచి రోజువారీ వర్షాన్ని పావు డిగ్రీ గళ్లలో ఇస్తోంది. ఒక్కో గడి సుమారు 27 కిలోమీటర్ల వెడల్పు. ఆ పరిధిలో ఒక కొండ తడిసి ముద్దవుతుంది, పక్క లోయ పొడిగా ఉంటుంది. పైగా ప్రతి గడిలోనూ వర్షమాపకం ఉండదు. లేనిచోట చుట్టుపక్కల అంకెల నుంచి లెక్కగట్టి నింపుతారు. ఏ ఏడాది ఎన్ని మాపకాలు పనిచేశాయన్నదీ మారుతూ వచ్చింది. ఒక కొండ మీద కొత్తగా మాపకం పెట్టారనుకో, ఆ ఏడాది నుంచి భారీ వర్షాలు పెరిగినట్టు కనిపించవచ్చు. ఆకాశంలో మాత్రం ఏమీ మారి ఉండకపోవచ్చు.

యూరప్ వాళ్లు పరిశీలనలను కంప్యూటర్ మోడల్‌తో కలిపి తయారు చేసిన ఈఆర్ఏ5 డేటా వాడదామంటే, అందులో 1940 నుంచి గంట గంటకూ అంకెలున్నాయి. చూడ్డానికి ఎంతో పూర్తిగా ఉంటుంది. కానీ అందులోని వర్షం నేరుగా కొలిచింది కాదు, మోడల్ అంచనా. అందుకే నీ మొదటి ఏడాదంతా ఈ రెండూ ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ విడిపోతున్నాయి అన్నదానికే పెట్టు. ఆ పని నిజాయితీగా చేస్తే ఒక అధ్యాయం అదే తయారవుతుంది.

వీలైతే పరికరాల దగ్గరకూ వెళ్లు. విశాఖలో, పైకి వెళ్తూ గాలి వేడి, తేమ కొలిచి పంపే రేడియోసాండ్ బెలూన్ వదలడం చూడు. మేఘం దాటేటప్పుడు తేమ కొలిచే సెన్సర్ తడిస్తే, పైన పొడిగాలి ఉన్నా అది తేమగానే చెప్పగలదు. గాదంకిలో పైగాలులను కొలిచే, 1,024 యాంటెన్నాల ఎంఎస్టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. ఒకసారి దాని పక్కన నిలబడితే గాలివేగం పట్టికను నువ్వు చదివే తీరే మారిపోతుంది. సుమారు వంద వాతావరణ పరికరాల డ్రాయింగులను ప్రామాణీకరించి, వాటిని మన దేశంలోనే తయారు చేయించిన వాతావరణ శాస్త్రవేత్త అన్నా మణి గారి పని గురించి తప్పక చదువు. ఈ రంగంలోకి వచ్చే ప్రతి అమ్మాయికీ నేను ఇదే చెబుతాను.

ఇక గైడ్ సంగతి. పేపర్ల సంఖ్య చూసి వెళ్లకు. ఆ ల్యాబ్‌లో మూడో, నాలుగో ఏడాదిలో ఉన్న విద్యార్థితో విడిగా మాట్లాడు. ‘నీ ఫలితం తప్పని తేలితే సార్ ఏమంటారు?’ అని అడుగు. ‘మళ్లీ చూద్దాం అంటారు’ అని తడుముకోకుండా చెబితే అక్కడే చేరు.