ఖాళీ వేళల్లో నడిపే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును మూసేయాలా, నిలబెట్టుకోవాలా?

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న మీరు నాలుగేళ్లుగా తెలుగు అక్షరదోషాలను సరిచూసే ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను (ఎవరైనా కోడ్ తీసుకుని మార్చుకోగలిగేదాన్ని) ఖాళీ వేళల్లో నడుపుతున్నారనీ, జవాబు చెప్పని ఇష్యూలు, అంటే వాడేవారు రాసిన ఫిర్యాదులూ కోరికలూ, డెబ్భై దాటాయనీ, ఇప్పుడు ఆ పేజీ తెరవాలంటేనే గుండె దడగా ఉంటోందనీ రాశారు. మూసేయడమా, ఎవరికైనా అప్పగించడమా అన్నది మీ ప్రశ్న. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కళాశాల కార్యాలయంలో పనిచేస్తాను. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న తెలుగు పాఠాన్ని యూనికోడ్‌లోకి, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాలలోకి, మార్చే ఒక చిన్న ప్రోగ్రామును తొమ్మిదేళ్లుగా, ఇంకో ఇద్దరు మిత్రులతో కలిసి, పైసా రాబడి లేకుండా నడుపుతున్నాను. నా అనుభవంలో తేలినది ఇది: మూసేయనక్కరలేదు. అయితే ప్రాజెక్టుకు తగ్గట్టు మీ సమయాన్ని సాగదీయడం మానేసి, మీకున్న సమయానికి తగ్గట్టు ప్రాజెక్టును కుదించాలి. ఈ మాట నాకు మొదటి మూడేళ్లలో తెలియలేదు, తెలిసిన తీరు కూడా అంత గౌరవంగా లేదు.

తిరుపతిలో కాపురమున్నవారి ఇల్లు ఏడాది పొడవునా దర్శనానికి వచ్చే బంధువులకు సత్రం లాంటిదని ఈ ఊరి వారికి వేరే చెప్పనక్కరలేదు. బైరాగిపట్టెడలోని మా ఇల్లూ అంతే. అందువల్ల నేను ప్రోగ్రాము పనిని రాత్రి పదకొండు దాటాక, అందరూ పడుకున్నాక మొదలుపెట్టేవాడిని. ఒక ఏడాది బ్రహ్మోత్సవాలకు ఇంట్లో తొమ్మిది మంది చుట్టాలు దిగారు. "ఏం నాయినా, మీ అత్త వచ్చి రెండు దినాలాయె, ఇంకా పలకరించలేదే" అని మా అమ్మ అడిగినా నాకు చలనం లేదు. గరుడసేవ నాడు వాళ్లంతా కొండకు వెళ్లగానే ఇల్లు ఖాళీ అయిందని సంబరపడి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మార్పిడి నెమ్మదిగా సాగుతోందని ఎవరో రాసినందుకు, వత్తులను సరిచేసే భాగం మొత్తాన్ని తిరగరాసి, రాత్రి ఒంటిగంటన్నరకు కొత్త వెర్షన్ విడుదల చేసి పడుకున్నాను.

ఆ భాగం చేసే పని ఏమిటో చెబితే గాని తర్వాత జరిగినది అర్థం కాదు. పాత ఫాంట్లలో పాఠం మనం పలికే వరుసలో కాక, గీతలు కనిపించే వరుసలో నిల్వ ఉంటుంది. 'స్త్రి' అని రాస్తే గుడితో కూడిన 'సి' ముందు ఉంటుంది, దాని వెనుక త వత్తు, ర వత్తు ఉంటాయి. యూనికోడ్‌లో స, త, ర ఈ మూడూ మధ్య మధ్య పొల్లులతో ముందు వచ్చి, గుడి అన్నిటికంటే చివర రావాలి. కాబట్టి ప్రోగ్రాము ఆ గుడిని పైకెత్తి వత్తులన్నిటికీ అవతల పెట్టాలి. వేగం కోసం నేను తిరగరాసినది ఒక్క వత్తును దాటించి, రెండోదాన్ని రాలగొట్టేసింది. ఒకే వత్తు ఉన్న మాటలన్నీ సరిగ్గానే వస్తున్నాయి కనుక నాకు తప్పు కనబడలేదు.

గాంధీ రోడ్డులో పెళ్లిపత్రికలు వేసే ఒక డీటీపీ ఆపరేటరు అప్పుడే కొత్త డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు మారుతూ, పాత మేటరును మా ప్రోగ్రాముతో మార్చుకుంటున్నారు. వారం తర్వాత ఆయన ఫోను చేసి, "సార్, పెళ్లికూతురి నాయన్ని శాస్తి చేసేసినాం సార్" అన్నారు. పత్రికలో 'శాస్త్రి' అన్న పేరు 'శాస్తి' అని అచ్చయింది, అదీ ఐదు వందల కాపీలలో. అదే వరుసలో ఉన్న 'లక్ష్మి' మాత్రం, నా ప్రోగ్రాము క్షకారాన్ని ఒకే అక్షరంగా చూస్తుంది కనుక, చెక్కుచెదరకుండా వచ్చింది. ప్రూఫు చూసినవారు దాన్ని చూసి మిగతాదీ బాగానే ఉంటుందనుకున్నారు కాబోలు. మళ్లీ అచ్చు వేయించిన ఖర్చులో సగం ఇస్తానంటే ఆయన తీసుకోలేదు. "ఊరికే ఇచ్చినదానికి మిమ్మల్ని డబ్బులడుగుతానా, ప్రూఫు నేను చూసుకోవద్దా" అన్నారు. ఆ మాట తిట్టినదానికంటే ఎక్కువ తగిలింది. నాకు తగిన శాస్తే జరిగింది.

ఆ తర్వాత రెండు అలవాట్లు చేసుకున్నాను. రాత్రి పూట విడుదలలు పూర్తిగా మానేశాను. ఒక పరీక్ష పదాల ఫైలును కూడా మొదలుపెట్టాను. స్త్రీ, రాష్ట్రం, వస్త్రం, జ్యోత్స్న, సంస్కృతం, తార్క్ష్యుడు వంటి చిక్కుమాటల పాత ఫాంటు రూపం ఒక పక్క, రావలసిన యూనికోడ్ రూపం మరో పక్క ఉంటాయి. కోడ్‌లో ఎవరు ఏ మార్పు చేసినా ఈ ఫైలు మొత్తం దానంతట అదే పరీక్షకు నిలవాలి, ఒక్క మాట తప్పినా మార్పు లోపలికి రాదు. తప్పు దొరికిన ప్రతిసారీ ఆ మాట ఫైలులో చేరుతుంది. ఒక పరిశోధక విద్యార్థి తాను మార్చుకున్న పుస్తకంలో 'కైంకర్యం' అని వెతికితే ఒక్కటీ దొరకడం లేదని రాశారు. తెరమీద చూస్తే ఆ మాట పేజీపేజీకీ కనిపిస్తోంది! ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు అని రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, వెతికే ప్రోగ్రాములన్నీ మాత్రం రెంటినీ ఒకటిగా చూడవు. సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది, కారణం కనిపెట్టడానికి రెండు ఆదివారాలు పట్టాయి. 'కైంకర్యం' ఫైలులో చేరింది గనుక ఆ రెండు ఆదివారాలు మళ్లీ పోవు. సమయం తక్కువ ఉన్నవాడికి పరీక్షలు రాయడం అదనపు పని అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను, సమయం ఉన్నవాడైతే ప్రతిసారీ చేత్తో సరిచూసుకుంటాడు.

ఇక గంటల సంగతికి వస్తాను. ఇప్పుడు నేను ఈ పనికి ఇచ్చేది ఆదివారం ఉదయం ఐదు నుంచి ఏడున్నర వరకు, బుధవారం ఒక గంట. అంతకు మించి ఇవ్వను. ఫోనులో నోటిఫికేషన్లు తీసేశాను. ప్రాజెక్టు మొదటి పేజీలోనే, డౌన్‌లోడ్ లంకెకు పైన, నాలుగు వాక్యాలు రాసిపెట్టాం: దీన్ని ముగ్గురు స్వచ్ఛందంగా నడుపుతున్నారు, జవాబుకు మూడు వారాలు పట్టవచ్చు, ఏడాదికి రెండు విడుదలలే ఉంటాయి, పాఠం చెడిపోయే తప్పులకు మొదటి స్థానం. ఇది రాస్తే జనం నొచ్చుకుంటారని నా మిత్రుడు జంకాడు, ఒక్కరూ నొచ్చుకోలేదు. ఎప్పుడు జవాబు వస్తుందో తెలియకపోవడం వల్ల వచ్చే కోపమే ఎక్కువ అని అప్పుడు అర్థమైంది.

ఈ ఆలోచన నాకు వచ్చింది తిరుమలలోనే. 2000లో మొదలైన శ్రీవారి సేవకు ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి, క్యూలైన్ల దగ్గరా అన్నప్రసాదం దగ్గరా ఉచితంగా పనిచేస్తారు. వారికి ఇన్ని రోజులని ముందే నిర్ణయమై ఉంటుంది, రోజులో ఇన్ని గంటలని వంతు ఉంటుంది. గడువు తీరగానే కండువా మడిచి ఊరికి వెళ్లిపోతారు, మధ్యలో వదిలి వెళ్లారని ఎవరూ అనరు. సాఫ్ట్‌వేర్ దగ్గరకు వచ్చేసరికి మాత్రం సేవ అంటే అంతులేనిదని మనమే ఎందుకో అనుకుంటాం. మేము ముగ్గురం నాలుగు నెలలకొకరు చొప్పున వంతు వేసుకున్నాం. వంతు లేనివారు కోడ్ రాయవచ్చు, రాయకపోవచ్చు, ఇష్యూలకు జవాబు చెప్పే బాధ్యత మాత్రం వారిది కాదు.

కాదనడం నేర్చుకోవడం వీటన్నిటికంటే కష్టం. 2021లో యూనికోడ్ 14లో నకారపొల్లు (పాత తెలుగులో 'న్'కు వాడే ప్రత్యేక రూపం) చేరగానే, పాత గ్రంథాలపై పనిచేసే ఒకరు దాన్ని వెంటనే చేర్చమని ఎంతో మర్యాదగా, కారణాలతో రాశారు. కోరిక న్యాయమైనదే. కానీ అప్పట్లో నేను వాడే ఫాంట్లలో ఆ అక్షరం లేదు. చేరిస్తే డబ్బా గుర్తులు కనిపిస్తున్నాయని అంతకు పదింతలు ఫిర్యాదులు వచ్చేవి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని, ఇప్పుడు చేర్చలేమనీ కారణం ఫలానా అనీ అదే రోజు రాశాను. ఆయన కోడ్‌ను నకలు తీసుకుని తన అవసరానికి తానే చేర్చుకున్నారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో కాదనడానికి ఉన్న వెసులుబాటు అది. మనం కాదన్నా వారి దారి మూసుకుపోదు. "చూద్దాం" అని నాన్చితేనే వారి పనీ ఆగుతుంది, మన మనసులోనూ ముల్లులా ఉండిపోతుంది. మీ డెబ్భైలో ఎన్ని "చూద్దాం"లు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

మర్యాద లేని కోరికలూ వస్తాయి. ఒక ప్రచురణ సంస్థ వారు మూడేళ్లపాటు మా ప్రోగ్రాముతో పుస్తకాలు మార్చుకుని, ఏనాడూ ఒక్క ముక్క రాయనివారు, ఒక శుక్రవారం సాయంత్రం సోమవారంలోగా ఫలానా తప్పు సరిచేయాలని తాఖీదులాంటి ఉత్తరం పంపారు. ఒకప్పుడైతే శని, ఆదివారాలు దానికే ధారపోసేవాడిని. ఈసారి మా లైసెన్సు అయిన జీపీఎల్ మూడో వెర్షన్‌లోని 15వ సెక్షన్ చూడమని రాశాను. ప్రోగ్రాము ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వబడుతోందనీ, దానికి ఏ వారంటీ లేదనీ, లోపముంటే సరిచేయించుకునే ఖర్చు వాడేవారిదేననీ అందులో ఉంది. మీ లైసెన్సు ఏదైనా ఇలాంటి మాట తప్పకుండా ఉంటుంది, వెతికి చదవండి. ఆ తప్పును తర్వాతి బుధవారం, మామూలు వంతులోనే సరిచేశాను.

విరాళాల గురించి కూడా అడిగారు. మాకు డొమైను ఖర్చు తప్ప వేరే ఏమీ లేదు కనుక తీసుకోవడం మానేశాం. ఐదు వందలు పంపిన ఒకాయన ఆ తర్వాత ఆరు నెలలు యజమానిలా మాట్లాడారు.

ఎవరికైనా అప్పగించడం విషయంలో మాత్రం తొందరపడవద్దు. ఫైళ్ల పరిమాణాన్ని కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనానికి 2024లో జరిగినది మీరు వినే ఉంటారు. దాన్ని ఒక్కరే జీతం లేకుండా నడిపేవారు. పని ఆలస్యమవుతోందనీ, వేరొకరికి అధికారం ఇవ్వాలనీ 2022లో కొన్ని ఖాతాలు ఆయనపై ఒత్తిడి తెచ్చాయి. అప్పటికే ఓపికగా సాయం చేస్తున్న ఒక కొత్త వ్యక్తి చేతికి క్రమంగా విడుదల చేసే అధికారం వెళ్లింది. 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ చేతులే, ఇతరుల కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడేందుకు, దొంగదారి పెట్టాయి. తన కంప్యూటరులో లాగిన్ అర సెకను ఆలస్యమవుతున్నది ఎందుకని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కూపీ లాగి, మార్చి 29న బయటపెట్టారు గనుక సరిపోయింది. కంచే చేను మేయడమంటే అదే. మనవి చిన్న ప్రోగ్రాములే అయినా, అలసిపోయి ఉన్నప్పుడు తాళాలు అందించకూడదన్న పాఠం మనకూ వర్తిస్తుంది. అలసట లేని రోజుల్లో, ఏడాది పాటు పని చూసినవారికి, ముందు ఇష్యూలు చూసే అధికారం, తర్వాత కోడ్ చేర్చే అధికారం, చివరగా విడుదల చేసే అధికారం ఇవ్వండి. డొమైను, పాస్‌వర్డులు ఇద్దరి దగ్గరైనా ఉండాలి. మా డొమైను గడువు గుర్తుచేసే మెయిలు మా మిత్రుడు ఎప్పుడో వదిలేసిన చిరునామాకు వెళ్లి, సైటు పదకొండు రోజులు పడిపోయింది.

మీ డెబ్భై ఇష్యూల విషయానికి వస్తే, వాటిని మొదటి నుంచి చదువుతూ కూర్చోవద్దు. ఈ ఆదివారం రెండు గంటలు పెట్టుకుని, ఏడాది దాటినవాటన్నిటినీ "ఇంకా ఈ ఇబ్బంది ఉంటే తిరిగి తెరవండి" అన్న ఒక్క వాక్యంతో మూసేయండి. మా దగ్గర అలా నలభై మూస్తే తిరిగి తెరిచినవి ఐదు. మిగిలినవాటిలో పాఠాన్ని చెడగొట్టేవి వేరుచేసి, కొత్త సదుపాయాల కోరికలకు అవునో కాదో ఆ రోజే చెప్పేయండి. తర్వాత మీ గంటలను మొదటి పేజీలో రాసి పెట్టి, పిల్లలను కపిలతీర్థానికో మీ ఊరి చెరువు కట్టకో తీసుకెళ్లండి, ఫోను ఇంట్లో పెట్టి. అక్షరదోషాల ప్రోగ్రాముకు కూడా చిక్కుమాటలు కావాలి కనుక మా పరీక్ష పదాల ఫైలు మీకు పనికొస్తుంది. అదీ జీపీఎల్ కిందే ఉంది, అడగకుండా తీసుకోవచ్చు. అందులో మొదటి మాట 'శాస్త్రి'.