మీ నూరువరహాలకు వైరస్ లేదు

ప్రశ్న: చేవెళ్ల దగ్గర మా మామిడి తోటలోనే ఇల్లు కట్టుకున్నాం. సాయంత్రాలు కూర్చోవడానికి ఇంటి ముందు రెండు బంగినపల్లి చెట్ల కింద లాన్ వేసి, గచ్చు అరుగు కట్టించి, దాని చుట్టూ నూరువరహాలు పెట్టాం. వాటి కొత్త ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. షాపులో వైరస్ అన్నారు. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు, ఒక తెగులు మందు, 19-19-19 ఎరువు కలిపి నాలుగుసార్లు కొట్టాం, తగ్గలేదు. చెట్ల కింద గడ్డి పలచబడింది, ఆ రెండింటికీ ఈసారి పూత కూడా రాలేదు. తోటకు భూసార పరీక్ష చేయించాం, అంతా బాగుందన్నారు. ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, రంగారెడ్డి జిల్లా

జవాబు: ఫోటోలు చూశాను. వైరస్ కాదండి. లేత ఆకు పాలిపోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా గీతల్లా నిలబడ్డాయి, కింది ముదురాకులు బాగానే ఉన్నాయి. ఇది ఇనుము లోపం. అరుగు పక్క మట్టిలో సిమెంటు పెళ్లలు ఫోటోలోనే కనిపిస్తున్నాయి, వాటి సున్నం మట్టిలోకి దిగుతుంది. నూరువరహాలకు కాస్త ఆమ్ల గుణం ఉన్న నేల కావాలి, సున్నం ఎక్కువైన చోట నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు.

లీటరు నీటిలో ముందు 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం), తర్వాత 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కరిగించి, ఆకు రెండు వైపులా తడిసేలా సాయంత్రం పూట పిచికారీ చేయండి. 7–10 రోజుల తేడాతో మూడుసార్లు. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, ద్రావణం తుప్పు రంగుకు తిరిగితే పారబోయండి. ఇంకే మందూ అందులో కలపొద్దు. గచ్చు మీద పడితే మరక పోదు, గోనె పట్టా కప్పి కొట్టండి.

దాంతో కొత్త ఆకు పచ్చబడుతుంది గానీ రోగం మట్టిలోనే ఉంటుంది. పెళ్లలు ఏరేసి, మొక్క చుట్టూ అడుగున్నర లోతు మట్టి తీసేసి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు నింపండి. తోటకు చేయించిన పరీక్ష ఇక్కడ పనికిరాదు, పునాది తవ్విన మట్టీ కట్టుబడి చెత్తా కలిసిన నేల వేరు, మీ తోట నేల వేరు. అరుగు చుట్టూ 8–10 చోట్ల ‘వి’ ఆకారంలో ఆరంగుళాల గుంత తీసి, గుంత పక్క గోడ మట్టిని పైనుంచి కిందికి గీకి, అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిల్చి నీడలో ఆరబెట్టి పరీక్షకు పంపండి. బోరు నీళ్లు ఒక సీసాలో వేరేగా. నీళ్లలో బైకార్బొనేట్లు అనే లవణాలు ఎక్కువుంటే ఎంత అన్నభేది కొట్టినా మళ్లీ మొదటికే వస్తుంది. ఈలోగా ఎవరో చెప్పారని జిప్సం పోయకండి, అది సోడియం ఎక్కువైన కారు చౌడు నేలకు మందు, సున్నపు నేలకు కాదు.

ఇక లాన్. దట్టమైన మామిడి నీడలో గడ్డి ఎందుకు పెరుగుతుంది? పైగా గడ్డి కోసం మీరు రోజూ పెట్టే నీళ్లు మామిడి తాగుతోంది. పూతకు ముందు రెండు మూడు నెలలు నీళ్లు లేక బెట్ట తగలాల్సిన చెట్టు అది, చలికాలమంతా తడి పెడితే చిగురు వేస్తుంది గానీ పూత వేయదు. గడ్డి తీసేయండి. మొదలు చుట్టూ కనీసం ఐదడుగుల మేర ఖాళీ మట్టి వదిలి, అవతల తాండూరు బండలు ఇసుక మీద సందులిచ్చి పరవండి, సిమెంటు వద్దు. అదీ సున్నపు రాయే, కోత పొడి పాదుల్లో పోయనివ్వకండి. నాలుగు కుర్చీలు పడతాయి, అంతకంటే ఏం కావాలి? లాన్ కావాల్సిందే అంటే రోజుకు కనీసం ఆరు గంటలు ఎండ పడే చోట వేసుకోండి. కంచెకు గోరింట చాలు. కూర్చునే చోట గన్నేరు పెట్టకండి, పిల్లలకూ పశువులకూ విషం.

షాపు సంగతి కూడా చెప్పాలి. ఆకు చూడకుండా రోగం పేరు చెప్పే మనిషికి మీ మొక్కతో పనిలేదు, డబ్బా అమ్ముడుపోతే చాలు. మీరైనా ఆలోచించాలి కదా, పిల్లలతో కూర్చుని టీ తాగే జాగాలో, పురుగే లేని మొక్కకు, పూల మీద తేనెటీగలు వాలుతుండగా ఇమిడాక్లోప్రిడ్ నాలుగుసార్లా? మిగిలిన మందులు ఎంత డబ్బు పోసి కొన్నా సరే, నూరువరహాల మీద ఇక వాడకండి.

పరీక్ష కాగితం రాగానే ఫోటో తీసి పంపండి. అరుగు పక్క మట్టిది, తోటది కాదు.