మార్పులు చేసిన ఇంజిన్‌కు ఏ స్పార్క్ ప్లగ్ తగినది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా కారులోని 1.6 లీటర్ల పెట్రోల్ ఇంజిన్‌కు టర్బో అమర్చి 0.6 బార్ బూస్ట్‌తో (టర్బో అదనంగా నెట్టే గాలి ఒత్తిడితో) నడుపుతున్నాను. డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) మీద చూస్తే సుమారు 70 హార్స్‌పవర్ పెరిగింది. నెమ్మదిగా నడిపినప్పుడు ఏ ఇబ్బందీ లేదు గానీ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 4,500 ఆర్‌పీఎం దాటేసరికి ఇంజిన్ మిస్ అవుతోంది. ప్లగ్‌లు పాతవే, ఎన్‌జీకే బీకేఆర్6ఈ-11. రెండు మెట్లు కోల్డ్‌గా ఉన్న ఇరిడియం ప్లగ్‌లు వేస్తే అన్నీ సర్దుకుంటాయని మిత్రుడు చెబుతున్నాడు. వేయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు సమస్యలు ఒకటిగా కలిసిపోయాయి. ఇంజిన్ మిస్ కావడం, అంటే సిలిండర్‌లో పెట్రోల్-గాలి మిశ్రమం కొన్నిసార్లు అంటుకోకపోవడం, ప్లగ్ గ్యాప్‌కు, అంటే రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉన్న ఖాళీకి సంబంధించినది. కోల్డ్ ప్లగ్ వేయాలా వద్దా అన్నది వేడికి సంబంధించినది. కోల్డ్ ప్లగ్ వేసినంత మాత్రాన మిస్ కావడం ఆగదు. అందుకే ముందు గ్యాప్ సంగతి చూద్దాం.

మీ ప్లగ్ పేరు చివర ఉన్న 11 అంటే గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు అని. టర్బో లేని ఇంజిన్‌లో, ముఖ్యంగా ఐడిల్‌లోనూ తక్కువ లోడ్‌లోనూ, ఇంత గ్యాప్ మేలే చేస్తుంది. నిప్పురవ్వ పొడవుగా ఉండి మిశ్రమం సులువుగా అంటుకుంటుంది. కానీ బూస్ట్ వచ్చాక సిలిండర్‌లో గాలి మరింత దట్టంగా కుదించుకుపోతుంది, ఆ ఒత్తిడిలో అంతే గ్యాప్‌ను దాటడానికి రవ్వకు ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ వోల్టేజీని పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ ఇవ్వగలిగిన దాని కంటే ఎక్కువ కావలసి వచ్చినప్పుడు రవ్వ అసలు పుట్టదు, లేదా దగ్గరి దారి వెతుక్కుని పింగాణీ పైభాగం మీదుగా జారిపోతుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు లేని లోపం పూర్తి లోడ్‌లోనే బయటపడటానికి కారణం ఇదే. మీ స్థాయి బూస్ట్‌కు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల గ్యాప్‌తో మొదలుపెట్టండి. అప్పటికీ మిస్ అవుతుంటే కాయిల్‌ను, ప్లగ్ వైర్లుంటే వాటిని, ఆ తర్వాత ఇంధన మిశ్రమాన్ని పరీక్షించాలి. గ్యాప్‌ను మాత్రం అదే పనిగా తగ్గించుకుంటూ పోకండి. మరీ చిన్నదైతే ఐడిల్‌లో ఇంజిన్ కుదురుగా ఉండదు.

ఇక వేడి సంగతి. హాట్ ప్లగ్ అంటే వేడి రవ్వ ఇచ్చేదని, కోల్డ్ ప్లగ్ అంటే చల్లటి రవ్వ ఇచ్చేదని చాలామంది అనుకుంటారు. రవ్వకూ దీనికీ సంబంధం లేదు. మధ్య ఎలక్ట్రోడ్ చుట్టూ ఉండే పింగాణీ ముక్కు పొడవుగా ఉంటే, దాని కొనకు తగిలిన వేడి ప్లగ్ ఒంటి ద్వారా సిలిండర్ హెడ్‌లోకి చేరడానికి ఎక్కువ దూరం ప్రయాణించాలి, కాబట్టి కొన వేడిగానే ఉంటుంది. అది హాట్ ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే వేడి త్వరగా దిగిపోతుంది. అది కోల్డ్ ప్లగ్. కొన ఉష్ణోగ్రత సుమారు 500 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువగా ఉంటే పేరుకున్న మసి కాలిపోకుండా నిలిచిపోయి ప్లగ్ పాడవుతుంది. 800 డిగ్రీలు బాగా దాటితే, రవ్వ కోసం ఆగకుండా ఎర్రగా కాలిన ఆ కొనే మిశ్రమాన్ని ముందుగా అంటించేస్తుంది. దీన్నే ప్రీఇగ్నిషన్ అంటారు. పిస్టన్‌కు చిల్లు పడటానికి దానికి ఎక్కువసేపు పట్టదు.

ఈ హాట్, కోల్డ్ శ్రేణిలో ఒక్కో మెట్టు మారితే కొన ఉష్ణోగ్రతలో సుమారు 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుంది. 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు కోల్డ్ అన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. అది ఉజ్జాయింపు మాత్రమే అయినా, మీ 70 హార్స్‌పవర్‌కు ఒక మెట్టు చాలుననే నా అభిప్రాయం. రోజువారీ ప్రయాణాలకు వాడే కారులో రెండు మెట్లు దిగితే ట్రాఫిక్‌లో మసి పట్టడం ఖాయం. బీకేఆర్7ఈ వేస్తే ఒక మెట్టు కోల్డ్ అవుతుంది, ఫ్యాక్టరీ గ్యాప్ కూడా తక్కువే కాబట్టి 1.1ను బలవంతంగా వంచే అవస్థ తప్పుతుంది. కంపెనీ మారిస్తే మాత్రం అంకెల విషయంలో జాగ్రత్త పడండి. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే ప్లగ్ కోల్డ్ అవుతుంది. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే హాట్ అవుతుంది. ఎన్‌జీకే 6కు డెన్సోలో 20, 7కు 22 సరిపోతాయి.

ఇరిడియం వల్ల శక్తి పెరుగుతుందని ఆశించకండి. ఆ లోహం సుమారు 2,450 డిగ్రీల దాకా కరగదు గనుక ఎలక్ట్రోడ్‌ను 0.4 లేదా 0.6 మిల్లీమీటర్ల సన్నటి తీగలా చేయవచ్చు; అంత సన్నటి కొన నుంచి రవ్వ తక్కువ వోల్టేజీకే దూకుతుంది, అరుగుదల కూడా తక్కువ. కాయిల్ బలం అంతంతమాత్రంగా ఉన్నచోట ఇది నిజంగా పనికొచ్చే గుణమే. అయితే ట్యూనింగ్ ఇంకా పూర్తికాని ఇంజిన్‌లో ప్లగ్‌లు తరచుగా విప్పి చూడాల్సి వస్తుంది, కొన్ని పాడవుతాయి కూడా. అప్పటి దాకా మామూలు నికెల్ ప్లగ్‌లే నయం. ఇరిడియం వేసిన రోజున గ్యాప్ కొలవాలనుకుంటే నాణెం ఆకారపు గేజ్‌ను లోపలికి దూర్చి తిప్పకండి, మధ్య తీగ పుటుక్కున విరుగుతుంది. వంచాల్సింది ఎప్పుడూ పక్కనున్న ఎలక్ట్రోడ్‌నే.

ప్రశ్న: ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ మార్చాను. ఇంజిన్‌లో వేరే మార్పు ఏదీ లేదు. నేనూ కోల్డ్ ప్లగ్‌లు వేసుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. కంపెనీ చెప్పిన ప్లగ్‌నే, అదే గ్యాప్‌తో వాడండి. ఈసీయూను (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌ను) రీమ్యాప్ చేయించి ఇగ్నిషన్ టైమింగ్‌ను బాగా అడ్వాన్స్ చేస్తే, అంటే రవ్వ మరింత ముందుగా పుట్టేలా చేస్తే, అప్పుడు ఆలోచించవచ్చు. 10 డిగ్రీల అడ్వాన్స్‌తో ప్లగ్ కొన వేడి దాదాపు ఒక మెట్టు మేరకు పెరుగుతుంది.

ప్రశ్న: పిస్టన్లు మార్చి కంప్రెషన్ రేషియోను 9.5 నుంచి 11.5కు పెంచాను. కొద్దిరోజులు నడిపాక ప్లగ్ విప్పి చూస్తే పింగాణీ తెల్లగా ఉంది, దాని మీద మిరియపు పొడి చల్లినట్టు చిన్న చిన్న చుక్కలున్నాయి. ఇంకా కోల్డ్ ప్లగ్ వేయాలా?

జవాబు: ముందు ఆ ఇంజిన్‌ను గట్టిగా తొక్కడం ఆపండి. లేత గోధుమ లేదా బూడిద రంగు ఉంటే ప్లగ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి ఉంటే మిశ్రమం రిచ్‌గానో (పెట్రోల్ ఎక్కువగానో) ప్లగ్ మరీ కోల్డ్‌గానో ఉన్నట్టు. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తున్నట్టు. మీరు చెప్పిన చుక్కలు వీటిలో దేనికీ చెందవు. భూతద్దంతో చూడండి. నల్లగా కాక వెండిలా మెరుస్తుంటే అవి పిస్టన్ నుంచి లేచిన అల్యూమినియం రేణువులు, అంటే సిలిండర్‌లో డిటోనేషన్ (మిశ్రమం అదుపు లేకుండా ఒక్కసారిగా పేలిపోవడం) జరుగుతోందన్నమాట. దానికి మందు ప్లగ్ కాదు. టైమింగ్ కొంత వెనక్కి తీయించాలి, మిశ్రమం లీన్‌గా (పెట్రోల్ తక్కువగా) ఉంటే సరిచేయించాలి, ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ వాడాలి. ఇవన్నీ కుదిరాక ఒక మెట్టు కోల్డ్ వేసి, డైనో మీద పూర్తి లోడ్‌లో నడిపి, ఐడిల్‌లో వదలకుండా వెంటనే ఇంజిన్ ఆపి ప్లగ్ చూస్తేనే అసలు రంగు తెలుస్తుంది. కాసేపు ఐడిల్‌లో నడిచిన ప్లగ్ ఐడిల్ కథే చెబుతుంది.

మీరు అడగకపోయినా మరో మాట చెప్పాలి. కంప్రెషన్ పెంచే పిస్టన్లకు పైన ఉబ్బు ఉండటం సాధారణం, కొన ముందుకు పొడుచుకు వచ్చిన ప్లగ్ దానికి తగిలే ప్రమాదం ఉంది. పిస్టన్ మీద చిన్న మట్టిముద్ద పెట్టి, హెడ్ బిగించి, చేత్తో ఇంజిన్ తిప్పి, ముద్ద ఎంత మందంగా మిగిలిందో చూస్తే ఖాళీ ఎంతో తెలిసిపోతుంది. ప్లగ్ మర భాగం పొడవును కూడా పాత ప్లగ్‌తో సరిపోల్చుకోండి. 19 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 26.5 వేస్తే పిస్టన్‌కే దెబ్బ. బిగించేటప్పుడు ఇంజిన్ చల్లగా ఉండాలి. 14 మిల్లీమీటర్ల మర, వాషర్ ఉన్న ప్లగ్‌కు అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్ల టార్క్ చాలు. మరలకు గ్రీజు లాంటివి రాస్తే అదే టార్క్‌కు ప్లగ్ అవసరానికి మించి బిగుసుకుని మర సాగిపోవచ్చు కాబట్టి పొడిగానే బిగించండి.