పాత మారుతి 800 ఘాటు రోడ్డులో వేడెక్కడం, పొద్దున్నే స్టార్టు కాకపోవడం: ముందుగా ఎర్తు చూడండి

మామగారు వాడిన 1997 నాటి మారుతి 800 మీ చేతికి వచ్చిందని, బండికి శ్రీకాకుళం వైపు ఏపీ 30 నంబరు ఉండగా మీరు ఒడిశాలోని రాయగడలో ఉంటున్నారని, ఘాటు రోడ్డు ఎక్కితే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాకా పోతోందని, ఉదయం చోక్ (చల్లని ఇంజనుకు గాలి తగ్గించే బొత్తం) లాగినా బండి ఒక పట్టాన స్టార్టు కావడం లేదని రాశారు. ఇవన్నీ ఇంటి దగ్గరే బాగుచేసుకుని, ఆ పైన కొంచెం పెద్ద టైర్లు, ఎక్కువ వెలుగునిచ్చే లైట్లు వేసుకోవచ్చునా అని అడిగారు. చాలావరకు చేసుకోవచ్చును. అయితే రేడియేటరు, వాటర్ పంపు, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) కిట్టు కొనడానికి సిద్ధపడుతున్నట్లు మీ మాటల్లో కనిపిస్తున్నది కాబట్టి, ఆ కొనుగోళ్లను ఒక వారం వాయిదా వేయమని కోరుతున్నాను.

నేను పర్లాకిమిడిలో కచేరీ ఉద్యోగిని, మెకానిక్‌ను కాను. చిన్నప్పుడు మా పెదనాన్నగారి అంబాసిడర్ కింద దూరి పానాలు అందించిన అనుభవమే నా చదువు. ఆ బండికి అంగుళాల కొలత పానాలు కావలసి వచ్చేవి. మారుతికి 10, 12, 14, 17 నంబర్ల పానాలు, ఒక ప్లగ్గు పానా, మంచి స్క్రూడ్రైవర్లు రెండు ఉంటే ముప్పాతిక పని జరిగిపోతుంది. 2011లో టెక్కలి వైపు నుంచి 1996 నాటి కార్బురేటర్ బండిని కొన్నాను. మీ బండికి ఉన్న రెండు జబ్బులూ నా బండికి అప్పుడే ఉన్నాయి. వాటి మీద ఏడాదిన్నర కాలాన్నీ, చెప్పుకోవడానికి సిగ్గుపడేంత డబ్బునూ ఖర్చు చేశాను.

మొదట వేడి సంగతి. బరంపురం నుంచి మోహన మీదుగా తిరిగి వస్తూ తప్తపాణి ఘాటు ఎక్కుతుంటే, సరిగ్గా వేడినీటి ఊటల దగ్గరికి వచ్చేసరికి నా బండి కూడా ఊటగా మారింది. ఒక షెడ్డులో మిస్త్రీ, మనది వేడి దేశం, థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటరుకు పోనివ్వని కవాటం) ఎందుకని దానిని పీకి అవతల పారవేశాడు. ఈ సలహా మన రెండు రాష్ట్రాల్లోనూ వినబడుతుంది, రెండు చోట్లా తప్పే. థర్మోస్టాట్ లేకపోతే ఇంజను మామూలు వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అసలు వేడి సమస్య మాత్రం అలాగే ఉండిపోతుంది. మీ బండిలో అది ఉన్నదో లేదో ముందు చూడండి. ఉంటే విప్పి ఒక పాత గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి కాచండి. నీళ్లు తెర్లే లోపలే అది తెరుచుకోవాలి, చల్లారాక మళ్లీ మూసుకోవాలి. మా ఇంట్లో ఆ గిన్నె ఆ తరువాత వంటగదిలోకి రానివ్వలేదు కనుక, అనుమతి తీసుకుని మొదలుపెట్టడం మంచిది.

ఆ తరువాత వాటర్ పంపు మార్పించాను, రేడియేటరు గొట్టాల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేసే రాడింగు చేయించాను. అయినా మూడవ గేరులో నిదానంగా ఎక్కేటప్పుడు ముల్లు పైకే పోయేది. చివరికి ఒక ఆదివారం, బండిని నిలబెట్టి ఇంజను నడుస్తుండగా ముందు కూర్చుని చూస్తే, రేడియేటరు ఫ్యాన్ తిరుగుతున్నది కానీ ఇంట్లో వోల్టేజీ తక్కువైనప్పుడు సీలింగ్ ఫ్యాన్ తిరిగినట్లు తిరుగుతున్నది. బ్యాటరీ నుంచి రెండు తీగలు నేరుగా ఇస్తే రివ్వున తిరిగింది. మోటారులో దోషం లేదని తేలింది కనుక, కరెంటు దారిలో ఎక్కడో పోతున్నదని అర్థమైంది.

నాలుగైదు వందల రూపాయల మల్టీమీటరు ఒకటి కొనండి, మొదటి కొనుగోలు అదే కావాలి. దానిని డీసీ వోల్టుల మీద పెట్టి, నల్ల కొసను బ్యాటరీ నెగటివ్ బొడిపె మీద, అంటే క్లాంపు మీద కాక సీసపు బొడిపె మీదనే ఆనించి, ఎర్ర కొసను ఇంజను దిమ్మ మీద రంగు లేని ఇనుముకు ఆనించండి. ఇంజను అందుకోకుండా, ఇగ్నిషన్ కాయిల్‌కు (నిప్పురవ్వకు హెచ్చు వోల్టేజీ ఇచ్చే భాగం) వచ్చే సన్న తీగను ఊడదీసి, ఇంకొకరి చేత మూడు నాలుగు క్షణాలు సెల్ఫ్ కొట్టించండి. మీటరు దాదాపు సున్నా చూపాలి. 0.2 వోల్టు వరకు ఫరవాలేదు, 0.5 దాటితే ఎర్తు, అంటే కరెంటు ఇంజను, బాడీల ద్వారా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి వచ్చే దారి, పాడైనట్లే. నా బండిలో 1.8 వచ్చింది. తరువాత ఇంజను నడుపుతూ, హెడ్‌లైట్లు వెలిగించి, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు, ఎర్ర కొసను ముందు భాగంలో బాడీ ఇనుముకు ఆనించి మళ్లీ కొలవండి. ఇక్కడ కూడా 0.2 మించకూడదు.

ఇదే దోషాన్ని మల్టీమీటరులోని ఓమ్‌ల కొలతతో పట్టుకోవాలని నేను ముందు ప్రయత్నించి మోసపోయాను. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ దారిలో వంద ఆంపియర్లకు అటూ ఇటూగా ప్రవహిస్తుంది. అక్కడ ఓమ్‌లో యాభయ్యవ వంతు అడ్డంకి ఉన్నా రెండు వోల్టులు ఆవిరైపోతాయి, కానీ అంత చిన్న అడ్డంకిని మన చవక మీటరు గుర్తించదు, తీగ బాగున్నదనే చెబుతుంది. కరెంటు పారుతున్నప్పుడు వోల్టులు కొలిచినప్పుడే నిజం బయటపడుతుంది.

నా బండిలో కారణం చాలా చిన్నది. అంతకుముందు యజమాని ముందు భాగానికి డెంటింగు, పెయింటింగు చేయించినప్పుడు, బ్యాటరీ నుంచి బాడీకి, అక్కడి నుంచి గేర్‌బాక్సుకు పోయే ఎర్తు తీగల బోల్టును రంగు మీదనే బిగించారు. బోల్టు మరల ద్వారా ఎలాగో కరెంటు పారుతూ వచ్చింది, కొన్ని వానాకాలాలు గడిచాక మరల్లోకి తుప్పు చేరింది. గరుకు కాగితంతో రంగు గీకి, ఇనుము తళతళలాడేలా చేసి, పాత తీగ బదులు 25 చదరపు మిల్లీమీటర్ల వెల్డింగు కేబులుకు రెండు కొసలా రాగి లగ్గులు (బోల్టు దూరే కన్నం ఉన్న తొడుగులు) నొక్కించి బిగించి, పైన గ్రీజు పూశాను. 1.8 ఉన్న చోట 0.2 వచ్చింది. ఆ మరునాటి ఉదయం బండి రెండవ సెల్ఫ్‌కే అందుకుంది. ఫ్యాన్ కోసం చేసిన పని పొద్దుటి స్టార్టును కూడా బాగుచేస్తుందని నేను ఊహించలేదు. ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. ఎర్తు బలహీనమైతే సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంది, ఆ సమయంలో కాయిల్‌కు అందే వోల్టేజీ పడిపోతుంది, నిప్పురవ్వ సన్నబడుతుంది. మీ రెండు ఫిర్యాదులు ఒకే ప్రశ్నలో కనిపించగానే నాకు ఎర్తు మీద అనుమానం కలగడానికి కారణం ఇదే.

ఎర్తు బాగున్నదని తేలితే, వేడి విషయంలో తరువాత చూడవలసినది రేడియేటరు మూత. మూత ఒక బార్‌కు దగ్గరగా ఒత్తిడి నిలిపితే నీరు 120 డిగ్రీల దరిదాపుల దాకా మరగదు. దాని రబ్బరు గట్టిపడి ఒత్తిడి వదిలేస్తే వంద దగ్గరే మరుగుతుంది, ఘాటులో ఆ ఇరవై డిగ్రీలే మనల్ని ఒడ్డున పడేస్తాయి. వేడిగా ఉన్నప్పుడు ఆ మూతను తీయవద్దు, తడిగుడ్డ వేసి కూడా తీయవద్దు. కారుతున్న ఆనవాలు లేకుండా నీరు తగ్గిపోతున్నా, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారినా అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజను దిమ్మకూ పై భాగానికీ మధ్య ఉండే పలక) పని, షెడ్డుకు తీసుకువెళ్లండి.

స్టార్టు విషయంలో ఎర్తు తరువాత చోక్ తీగను చూడండి. ఎయిర్ ఫిల్టరు మూత తీసి, లోపల ఒకరు చోక్ బొత్తాన్ని పూర్తిగా లాగుతుండగా పైనుంచి చూస్తే, కార్బురేటర్ నోటి దగ్గరి రేకు పూర్తిగా మూసుకోవాలి. తీగ తొడుగు బిగింపులో జారితే బొత్తం పూర్తిగా వచ్చినా రేకు సగమే మూసుకుంటుంది. ఇంజను ఆపి ఉండగా యాక్సిలరేటరు ఒక్కసారి తొక్కితే లోపల పెట్రోలు సన్నని ధారగా చిమ్మాలి. చిమ్మకపోతే కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నె ఎండిపోయి ఉండవచ్చు, లేదా యాక్సిలరేటర్ పంపులోని పలచని పొర (డయాఫ్రం) చిరిగి ఉండవచ్చు. కొందరు కార్బురేటర్ నోట్లో పెట్రోలు పోసి స్టార్టు చేయమంటారు. నేను ఒకసారి చేశాను, మంట వెనక్కి తన్ని ఎడమ కనుబొమ్మ కాలిపోయింది. నెల రోజుల పాటు ఆఫీసులో అందరికీ ఆ కథ చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ పెట్రోలు గురించి కూడా చెప్పాలి. దేశంలో 2022లో పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి ఇథనాల్ కలపడం చేరింది. మీ బండి తయారైనప్పుడు ఆ లెక్క ఎవరి మనసులోనూ లేదు. ఒక వంతు మామూలు పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 వంతుల గాలి కావాలి, ఇరవై శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 చాలు. కొత్త బండ్లలో సెన్సరు చూసి కంప్యూటరు సర్దుకుంటుంది. కార్బురేటరుకు ఆ తెలివి లేదు కాబట్టి మిశ్రమం పలచబడి, చలి ఉదయాల్లో చోక్ కొంచెం ఎక్కువసేపు కావలసి వస్తుంది. అంతకంటే ముఖ్యమైనది పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి, పగిలి, కారడం. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఉన్న రబ్బరు గొట్టాలన్నీ ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని (పెట్రోలు గొట్టాల ప్రమాణం అది) ముద్ర ఉన్నవాటితో మార్చండి. ఇది ఇంట్లో చేసుకోదగిన పనే, కానీ బయట ఆరుబయలులో, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, ఇంజను పూర్తిగా చల్లారాక చేయాలి.

బండి కిందికి దూరవలసి వస్తే జాకీ ఒక్కదానినే నమ్మవద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు అసలే వద్దు, అవి ముందుగా బీట కనిపించకుండా ఒక్కసారిగా చిట్లుతాయి. జాకీ స్టాండ్లు ఒక జత కొనండి. బ్రేకులు, స్టీరింగు, టైమింగు బెల్టు మాత్రం నేను నేటికీ ఇంట్లో ముట్టుకోను. మీ మామగారు టైమింగు బెల్టు ఎప్పుడు మార్పించారో బిల్లు దొరకకపోతే, బండి తిరగకపోయినా బెల్టుకు వయసు వస్తుంది కనుక మార్పించేయండి. బ్రేక్ ఆయిల్ కూడా అంతే, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకు ఒకసారి మార్పించాలి.

ఇక మీ ముచ్చట్లు. టైర్ల విషయంలో చాలామంది 145/70 ఆర్12 తీసి ఆల్టోకు వచ్చే 145/80 ఆర్12 వేస్తారు. నేనూ వేశాను. చక్రం వ్యాసం 508 మిల్లీమీటర్ల నుంచి 537కు పెరుగుతుంది, బండి 14.5 మిల్లీమీటర్లు లేస్తుంది, మన గుంతల రోడ్లలో అడుగుభాగం తగలడం తగ్గుతుంది. కానీ స్పీడోమీటరు 60 చూపుతున్నప్పుడు మీరు నిజంగా 63 మీద ఉంటారు, ఘాటులో గేరు బరువెక్కినట్లు తోస్తుంది. ఇప్పటికే వేడెక్కుతున్న బండికి ఇది మేలు చేయదు. నేను రెండేళ్లకు పాత కొలతకే తిరిగి వచ్చాను. ఏ కొలత కొన్నా టైరు పక్కన ఉన్న నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. దుకాణంలో కొత్తగా మెరుస్తున్న టైరు ఆరేళ్ల ముసలిది కావచ్చు.

లైట్లకు 100/90 వాట్ల బల్బులు వేయవద్దు. 55 వాట్ల బల్బులు రెండూ కలిసి సుమారు 9 ఆంపియర్లు లాగితే, వంద వాట్లవి 16 దాటుతాయి, పాత స్విచ్చు కరిగిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే బల్బు వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. కాబట్టి బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చులు) ద్వారా లావు తీగలు లాగి, కంపెనీ చెప్పిన బల్బునే ఉంచితే, కొత్త లైట్లు వేశారా అని ఎదురింటివారు అడుగుతారు. నా బండికి చేసిన మార్పులన్నిటిలో నాకు నిజంగా నచ్చినది ఇదొక్కటే.

ఇంజను మార్చడం, బాడీ కోయడం వంటి ఆలోచనలు ఉంటే మానుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా చెప్పింది. బీమా వారికీ అది మంచి సాకు. నంబరు విషయానికి వస్తే, ఒక రాష్ట్రపు బండి మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి. శ్రీకాకుళం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకుంటే మీకు ఓడీ 18 నంబరు వస్తుంది. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ రుసుము 5,000 రూపాయలు, 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. మీది రెండవ కోవలోకి వస్తుంది. కాబట్టి ముందు ఆర్‌సీలో గడువు తేదీ చూసి, ఆ తరువాతే బండి మీద ఎంత ఖర్చు పెట్టాలో లెక్క వేసుకోండి.

ఈ ఆదివారం బండి చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొడుతూ ఇంజను దగ్గర ఎన్ని వోల్టులు వచ్చిందో, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు బాడీ దగ్గర ఎంత వచ్చిందో, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ బొడిపెల మధ్య వోల్టేజీ 9.6 కంటే కిందికి పడిందో లేదో కొలిచి ఇక్కడ రాయండి. ఆ మూడు అంకెలు చూస్తే రేడియేటరు విప్పవలసిన అవసరం ఉన్నదో లేదో చెప్పగలను.